గొలుసు విప్పమని ఆ తల్లికి ఎలా చెప్పాలి?

మాది టంగుటూరు దగ్గర పల్లె. మానసిక ఆరోగ్యం గురించి ఇల్లిల్లూ తిరిగి మాట్లాడుతుంటాను. ఇక్కడ ఒకావిడ పొగాకు పనికి పోతూ, మానసిక జబ్బున్న పాతికేళ్ల కొడుకును పశువుల కొట్టంలో గొలుసుతో కట్టేసి పోతోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 95వ సెక్షన్ ప్రకారం గొలుసు వేయడం నిషేధం. ఆ మాట ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు.

"హైవే మీదికి పోయి లారీ కింద పడితే? నువ్వు కాపలా ఉంటావా నాయనా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేద్దామన్నాను, సరేనంది. ఒంగోలు ఆసుపత్రికి పోదామంటే మాత్రం కూలి పోతుందని వెనకాడుతోంది. మందులు పనిచేసేదాకా పగటిపూట మనిషిని చూసుకునే ఏర్పాటు మీ ఊళ్లలో ఎవరైనా చేశారా? ఇరుగుపొరుగును ఎలా ఒప్పించారు? సదరం (వైకల్య) సర్టిఫికెట్‌కు ఏ చికిత్స కాగితాలు అడిగారు? పోలీసుల దాకా పోయి ఆ తల్లిని దోషిగా నిలబెట్టడం నాకిష్టం లేదు. దయచేసి చెప్పండి.