మాల తీశాక కూడా నీసు మానేశాను: పప్పన్నంతో ప్రొటీన్ సరిపోతుందా?

పాలకొల్లు కుర్రోడు
అందరికీ నమస్కారమండి. నిరుడు అయ్యప్ప మాల వేసుకున్నాను. మండలం పూర్తయి మాల తీశాక కూడా నీసు మీదకి మనసు పోలేదు. గుడ్డు కూడా తినట్లేదు. ఏడాది దాటింది. నా వయసు 27, బరువు 68 కిలోలు. మూడు నెలలుగా జిమ్ముకి వెళ్తున్నాను. అక్కడ కోచ్ ‘పప్పన్నంతో కండ రాదు, పౌడర్ డబ్బా కొను’ అంటున్నాడు. ఇంట్లో నాన్న ‘చేపల చెరువు గట్టున పుట్టి ఈ పత్యం ఏంట్రా’ అంటున్నారు. అమ్మమ్మేమో పప్పులోనే అన్నీ ఉన్నాయంటుంది. ముగ్గురిలో ఎవరు రైటు? మన ఇళ్ళల్లో వండుకునే తిండితో సరిపడా ప్రొటీన్ వస్తుందా, రాదా? వేదాంతం వద్దండి, లెక్క కావాలి.

నరసాపురం బాబాయ్
పుస్తెలమ్మైనా పులస తినాలన్న సీమలో ఇదేం ప్రశ్నయ్యా! లెక్కే కావాలంటే తీసుకో. వంద గ్రాముల శీలావతి చేప ముక్కల్లో దగ్గర దగ్గర 19 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పులుసులో రెండు ముక్కలు తింటే వచ్చేస్తుంది. అదే 19 గ్రాములు కందిపప్పులో రావాలంటే పచ్చి పప్పే తొంభై గ్రాములు కావాలి. అది ఉడికితే పెద్ద గిన్నెడవుతుంది. పూటా అంత పప్పు తినేవాడిని ఒక్కడిని చూపించు. ఆయ్, నీ భక్తిని తప్పు పట్టట్లేదు. ఒంటికి కావలసింది ఒంటికి పెట్టాలంటున్నాను, అంతే.

అమలాపురం అత్తగారు
మా ఇంట్లో తరతరాలుగా ఉల్లి కూడా అనుమానమే. మా మామగారు 91 ఏళ్ళు బతికారు, ఎనభై ఏళ్ళప్పుడు కూడా అరటి గెల భుజాన వేసుకుని వచ్చేవారు. ఆయనకి ఏ పౌడర్ పోశారండీ? పప్పు, పెరుగు, పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి. ఇవన్నీ బలం కాదా? మీ లెక్కలు మీ దగ్గరే పెట్టుకోండి.

జిమ్ము తమ్ముడు, కాకినాడ
అత్తగారూ, ఒక్క తాతగారితో సైన్సు తేలదండి. రోజూ పొగ తాగి తొంభై ఏళ్ళు బతికినవాళ్ళూ ఉన్నారు. బ్రో, మీ కోచ్ చెప్పింది కరెక్ట్. ఒక స్కూపులో 24 గ్రాములు. నీళ్ళల్లో కలుపుకుని తాగేస్తే పని అయిపోతుంది.

వంటింటి త్రాసు
నేను తణుకు దగ్గర బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పుట్టుకతోనే శాకాహారిని. ఈ గొడవ మా ఇంట్లో కూడా వచ్చింది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మా వారికి షుగర్ వచ్చింది. డాక్టరు చెప్పారని అన్నం సగానికి తగ్గించారు. షుగరైతే దారికొచ్చింది గానీ, ఆరు నెలలు తిరిగేసరికి పంచె నడుమున నిలవట్లేదు, పిక్కలు సన్నబడ్డాయి, అరుగు మీంచి లేవాలంటే చేత్తో ఊతం కావాల్సి వచ్చింది. వయసని సరిపెట్టుకున్నాం. మా అమ్మాయి ఊరుకోక ఒక వంటింటి త్రాసు పంపింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు కూడా ఫోన్లో పెట్టింది.

ఒక రోజు అన్నీ తూచాను. మధ్యాహ్నం దోసకాయ పప్పు. కుక్కర్లో పోసే ముందు చూస్తే కందిపప్పు 120 గ్రాములు. తినేవాళ్ళం నలుగురం. అంటే తలకి 30, అందులో ప్రొటీన్ ఆరున్నర గ్రాములు. ఇన్నేళ్ళుగా ‘రోజూ పప్పు తింటాం’ అని గొప్పగా చెప్పుకుంటూ వచ్చింది ఈ ముప్పై గ్రాముల గురించి! నీళ్ళు పోసి, దోసకాయ ముక్కలు వేసి, గిన్నె నిండుగా కనిపించేలా చేసేది నేనే కదా.

బియ్యం తలకి రోజుకి 300 గ్రాములు పడేది. బియ్యంలో నూటికి 8 కాబట్టి 24 గ్రాములు. పొద్దున్న ఉప్మాలో ఆరున్నర, పెరుగులో ఆరున్నర, కాఫీ పాలలో 5. మొత్తం 48 పైచిలుకు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం ఒంటి బరువు కిలోకి 0.83 గ్రాములు కావాలి. అంటే 65 కిలోల మగవాడికి 54, 55 కిలోల ఆడదానికి 46. నాకు అంకె సరిపోయింది. మా వారికి అప్పుడే ఆరు తక్కువ. ఇక ఆయన బియ్యం 150కి దించారు, పప్పు మాత్రం పెంచలేదు. 12 గ్రాములు అలా జారిపోయాయి. మిగిలింది 36.

ఇక్కడే ఇంకో సంగతి. నాకు సరిపోయిందన్న ఆ 48లో సగం అన్నంలోంచి వచ్చిందే. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టిన గోడ లాంటిది. బియ్యం ప్రొటీన్‌లో లైసీన్ అనే ఇటుక తక్కువ. పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో తక్కువయ్యే మిథియోనిన్ అనే ఇంకో ఇటుక బియ్యంలో, నువ్వుల్లో ఉంటుంది. అందుకే పప్పన్నం మంచి జత. కానీ జత కుదరాలంటే పాళ్ళు కుదరాలి. ఆ సంస్థే ధాన్యం మూడు వంతులకి పప్పు ఒక వంతు, తాగే పాలు రెండున్నర వంతులు ఉండాలంటుంది. మా ఇంట్లో పదింటికి ఒకటి! పాలకొల్లు బాబూ, మీ అమ్మమ్మగారి మాట అబద్ధం కాదు. గరిటె దగ్గరే వచ్చింది చిక్కు.

అత్తగారికి కోపం రాకూడదు గానీ, పనసపొట్టులో నూటికి రెండు మూడు గ్రాములు మించి ఉండదు. పచ్చికొబ్బరిలోనూ పెద్దగా ఏమీ లేదు. రుచికి తినండి, బలం లెక్కలో వేయకండి.

జిమ్ము తమ్ముడు, కాకినాడ
మేడమ్, సూపర్. కానీ 0.83 మామూలుగా తిరిగేవాళ్ళకి. బరువులు ఎత్తేవాళ్ళకి 1.2 నుంచి 2 దాకా కావాలని క్రీడా పోషకాహార నిపుణులు అంటారు. 68 కిలోలవాడికి తక్కువలో తక్కువ 82 గ్రాములు. అది మీ దోసకాయ పప్పుతో ఎలా వస్తుంది?

వంటింటి త్రాసు
దోసకాయ పప్పుతో రాదు, ఒప్పుకుంటాను. మీల్ మేకర్ ఉంది కదా బాబూ. ఎండు మీల్ మేకర్ 50 గ్రాములు వండుకుంటే ఒక్క కూరలోనే 26 వస్తాయి. ఇంతకీ ఆ డబ్బాలో ఉన్నదేంటి? పాలు విరిచాక మిగిలే నీళ్ళలోని ప్రొటీన్‌నే ఎండబెట్టి పొడి చేస్తారు. విషమూ కాదు, అమృతమూ కాదు. 2024లో వచ్చిన జాతీయ ఆహార మార్గదర్శకాలు మాత్రం కండ కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దనే చెప్పాయి.

లంక రైతు
మేడమ్ గారు గరిటె అన్నారు. నేను చేను అంటాను. మనకి సార్వా వరే, దాళ్వా వరే. కాలవ నీళ్ళు ఆగాక ఎవరో కొందరు మూడో పంటగా పెసరో మినుమో చల్లుతారు. మా చిన్నప్పుడు గట్ల మీద కంది మొక్కలుండేవి. ఇప్పుడు గట్టే లేదు, ఉన్నా దాని పక్కన చేపల చెరువు. బియ్యం ఇంట్లో బస్తాల్లో ఉంటుంది, పప్పు కొట్లోంచి కిలోల్లెక్కన వస్తుంది. ఏది కొసరి వడ్డిస్తాం, ఏది చూసి వడ్డిస్తాం? మీరే చెప్పండి. మాంసం తినేవాళ్ళం మేమూ అంతే, ఆదివారం కోడికూర, మిగతా ఆరు రోజులూ చారే.

నరసాపురం బాబాయ్
ఆ చివరి ముక్క నాకు తగిలింది. మా ఇంట్లో కూడా చేప వారానికి రెండు సార్లే. మిగతా రోజుల లెక్క నేనూ వేసుకోలేదు. అయినా నా పాయింటు నాదే. గ్యాస్ పట్టకుండా అన్నేసి పప్పులు తినడం నా వల్ల కాదు.

ఆసుపత్రి డ్యూటీ అక్క
గ్యాస్ గురించి: రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మెత్తగా ఉడికించండి. ఒకేసారి పెంచకుండా వారం వారం కొంచెం పెంచితే పొట్ట అలవాటు పడుతుంది. మొలకలైనా ఉడికించే తినండి.

ఇంకో రెండు మాటలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఈ లెక్కలు చూసి సొంతంగా ప్రొటీన్ పెంచుకోకూడదు, డాక్టరు చెప్పిన కొలతే. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్ళు ముందు కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. త్రాసు మేడమ్ గారూ, మీ వారిది చూపించారనుకుంటాను. రెండోది విటమిన్ బి12. మొక్కల తిండిలో అది దొరకదు. పాలు, పెరుగు రోజూ తీసుకునేవాళ్ళకి కొంత వస్తుంది. అవి కూడా మానేసినవాళ్ళు మాత్ర వేసుకోవాల్సిందే. కాళ్ళు తిమ్మిర్లని వచ్చేవాళ్ళని చూస్తుంటాను, ప్రొటీన్ గురించి గంట మాట్లాడతారు గానీ దీని ఊసే ఎత్తరు.

అమలాపురం అత్తగారు
పనసపొట్టు విషయంలో నేనేమీ ఒప్పుకోలేదు. అయితే మా మామగారు పొద్దున్నే మినప రొట్టె తినేవారు, మూకుడంత మందాన. మధ్యాహ్నం ముద్దపప్పు చేత్తో తీసి ముద్ద చేసేలా ఉండాలి, జారితే కంచం తోసేసేవారు. ఇంట్లో రెండు పాడి గేదెలు. ఇది ముందు చెప్పడం మర్చిపోయాను.

వంటింటి త్రాసు
అదేనండి అత్తగారూ, నేను మూడు వందల పదాలు రాసి చెప్పింది మీరు ఒక్క రొట్టెతో చెప్పేశారు!

అక్కా, క్రియాటినిన్ చూపించాం, బాగానే ఉంది. అది చూశాకే మార్చాను. ఉప్మా బదులు 60 గ్రాముల పెసలతో పెసరట్టు, అందులో పదమూడున్నర. కందిపప్పు తలకి 50 గ్రాములు, అందులో 11. సాయంత్రం జంతికల బదులు 40 గ్రాముల శనగలు నానబెట్టి ఉడికించి తాలింపు, అందులో ఏడున్నర. బియ్యం పెంచలేదు. పాలు, పెరుగు పాత కొలతే. మొత్తం 55 దాటింది. రోజూ వీధి చివరిదాకా నడక కూడా పెట్టించాం, అది లేకుండా ఒట్టి తిండితో కండ రాదని మా అమ్మాయి పోరు. నాలుగు నెలలయింది. పంచె ఇంకా జారుతూనే ఉంది, అబద్ధమెందుకు. కానీ అరుగు మీంచి చెయ్యి ఊత లేకుండా లేస్తున్నారు.

పాలకొల్లు కుర్రోడు
అందరికీ థాంక్సండి. వారం రోజులు నేనూ తూచాను. తిండి మార్చకముందు నా లెక్క 50 దగ్గర ఆగింది. జిమ్ము లేకపోయినా ఉండాల్సిన 56 కూడా లేదు. ఇప్పుడు మీల్ మేకర్ కూర, వేరుశనగలు, పెరుగు పెంచి 85కి లాగాను. డబ్బా ప్రస్తుతానికి కొనట్లేదు. కోచ్ మొహం మాడ్చుకున్నాడు, ఆయనకి కమీషన్ ఉందో లేదో నాకు తెలీదు.

మొన్న రాత్రి పెద్ద గిన్నెలో శనగలు నానబోశాను. పొద్దున్నే నాన్న వంటింట్లోకి వచ్చి గిన్నె చూసి, ‘శ్రావణమాసం ఎప్పుడో వెళ్ళింది కదరా, ఈ వాయనం ఎవరికి?’ అన్నారు.

నరసాపురం బాబాయ్
నాకు పంపమను. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి. అత్తగారికి చెప్పొద్దు.