గార్లిక్ బటర్ సాస్‌కి ఇంటి వెన్నా, ప్యాకెట్ వెన్నా?

నాగావళి_ఒడ్డు: రొయ్యల మీదకి గార్లిక్ బటర్ సాస్. 100 గ్రాముల ఇంటి వెన్న, 6 వెల్లుల్లి రెబ్బలు. వెన్నంతా ఒకేసారి వేసి మరిగిస్తే నూనె పైకి తేలిపోతోంది, అడుగున గోధుమరంగు మడ్డి. తేడా ఎక్కడ?

కోట_జంక్షన్: వెన్నలోనే. ప్యాకెట్ వెన్నలో కొవ్వు 80 శాతానికి తగ్గదు, నీరు 16కి మించదు. ఇంటి వెన్నలో మజ్జిగ ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు? ఆ మడ్డి అదే. మాడి చేదెక్కుతుంది, నింద వెల్లుల్లికి.

వంశధార: మజ్జిగుంటే కడుక్కోవాలి గానీ వెన్నని తిట్టడమేటండీ? చల్లటి నీళ్ళలో పిసుకుతూ, నీళ్ళు తేటపడేదాకా మార్చండి. ప్యాకెట్‌లో ఉప్పు సంగతి చెప్పరేం? రొయ్యలకి ముందే ఉప్పు పట్టించినోళ్ళు ఆ సాస్ పోస్తే నోట పెట్టలేరు.

కోట_జంక్షన్: ఉప్పులేని ప్యాకెట్టూ దొరుకుతుంది.

బొబ్బిలి_వీణ: వెల్లుల్లి నూరొద్దు, సన్నగా తరగండి. నూరిన ముద్ద ఇట్టే మాడుతుంది.

వంశధార: ఉప్పులేనిది మా ఊరి కొట్టులో ఉండదు. అయినా మీకు ఇంట్లో చేసిందంటే ఎప్పుడూ చులకనే. మొన్న ఆవకాయ చర్చలోనూ ప్యాకెట్ కారమే గొప్పన్నారు.

కోట_జంక్షన్: ఆవకాయ ఇక్కడెందుకు? వెన్న బాగా కరిగి, వెల్లుల్లి ఎర్రగా వేగాలనే కదా మీరనేది? అది సాస్ కాదు, పోపు.

వంశధార: పోపే! ఎర్రగా వేగిన వెల్లుల్లి రొయ్య మీద పడితేనే కమ్మదనం. తెల్లగా గంజిలా ఉన్నది ఎవరిక్కావాలి?

కోట_జంక్షన్: అలాగైతే నెయ్యి పోసుకోండి. ఇంతసేపూ వెన్న గురించి కొట్టుకున్నాం, మీక్కావలసింది వేరే వంటకం.

బొబ్బిలి_వీణ: ఇద్దరూ మంట సంగతే వదిలేశారు. మరిగిస్తే ఏ వెన్నైనా విడిపోతుంది. నీటినీ కొవ్వునీ కలిపి ఉంచేది మీరు మడ్డి అని తిడుతున్న ఆ పాల పదార్థమే. అది తీసేసిన నెయ్యితో చిక్కదనం రాదు.

ఒక చెంచా వెన్నలో వెల్లుల్లి సన్న సెగన నిమిషం, వాసన రాగానే ఆపాలి, రంగు మారకూడదు. రెండు చెంచాల నీళ్ళు పోయండి, రొయ్యలు వేగినప్పుడు ఊరిన రసమైతే ఇంకా మంచిది. మిగతా వెన్న ఫ్రిజ్‌లోంచి తీసి, ముక్కలుగా కోసి ఒక్కొక్కటే వేస్తూ గిలక్కొట్టండి. ఒకటి కరిగాకే ఇంకోటి. బుడగ కనిపిస్తే గిన్నె దించేయండి. నిమ్మరసం, కొత్తిమీర దించాకే.

నాగావళి_ఒడ్డు: చిక్కగానే కావాలి. విడిపోయాక బాగుచేయొచ్చా?

బొబ్బిలి_వీణ: మాడకపోతే చేయొచ్చు. దించి, చెంచా చల్లటి నీళ్ళు వేసి గట్టిగా గిలక్కొట్టండి. మళ్ళీ వేడి చేయొద్దు, వెంటనే పోసేయండి.

వంశధార: గంజే.