గుర్తు వేసిన జంతువుల్లో జబ్బు లెక్క: వయసును వదిలేయొచ్చా?

కొండగాలి:
టాస్మేనియన్ డెవిల్స్‌కు (ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో ఉండే మాంసాహార జంతువులు) వచ్చే ముఖ కణితి జబ్బును ఉదాహరణగా పెట్టుకుని మల్టీస్టేట్ మోడల్ నేర్చుకుంటున్నాను. అంటే ఒక్కో జంతువు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి, ఇక్కడ ఆరోగ్యం నుంచి జబ్బుకు, మారే అవకాశాన్ని లెక్కగట్టే మోడల్. ట్రాప్‌లో పడిన ప్రతి డెవిల్‌కూ మైక్రోచిప్ వేస్తారు. మళ్లీ పట్టుబడినప్పుడల్లా ముఖం మీద, నోట్లో కణితి ఉందా లేదా అని రాసుకుంటారు. ఆ చరిత్ర నుంచి మూడు అంచనాలు వస్తాయి: బతికే అవకాశం, జబ్బులోకి మారే అవకాశం, పట్టుబడే అవకాశం.

నా ఉద్దేశంలో జబ్బు స్థితి ఒక్కటి చాలు. కణితి కనపడ్డాక చాలా డెవిల్స్ ఏడాదిలోపే చనిపోతాయి. దాని వయసు ఒక ఏడాదా, మూడేళ్లా అన్నది అప్పుడు ఎందుకు? పైగా పెద్దయ్యాక మొదటిసారి దొరికిన దాని వయసు ఎవరు చెప్పగలరు? వయసు తెలియనివాటిని డేటాలోంచి తీసేయడం కన్నా, మోడల్‌లోంచి వయసునే తీసేయడం నయం.

లెక్కలబడి:
దీనికి గట్టిగా అడ్డు చెప్పాల్సిందే. ఈ జబ్బు వయసును చూసే వస్తుంది. ఇది అంటుకునే క్యాన్సర్. ఒకటి ఇంకోదాన్ని కరిచినప్పుడు క్యాన్సర్ కణాలే నేరుగా చేరతాయి. కాట్లాటలు ఎక్కువయ్యేది జత కట్టే కాలంలో. అందుకే ఏడాది నిండని పిల్లల్లో కణితి చాలా అరుదు, పిల్లల్ని కనే పెద్దవాటిలో ఎక్కువ.

ఒక చిన్న లెక్క చూడండి, అంకెలు నేను ఊహించుకున్నవే. 100 డెవిల్స్‌లో 60 చిన్నవి, 40 పెద్దవి. మూడు నెలల్లో జబ్బులోకి మారే అవకాశం చిన్నవాటికి 0.05, పెద్దవాటికి 0.25 అనుకుందాం. కొత్తగా జబ్బుపడేవి 3 + 10 = 13. రెండేళ్లలో పెద్దవి చాలావరకు చనిపోయి, వందలో 85 చిన్నవీ 15 పెద్దవీ మిగిలాయనుకోండి. ఇప్పుడు జబ్బుపడేవి 4.25 + 3.75, అంటే 8. వయసు లేని మీ మోడల్ 0.13 నుంచి 0.08కి తగ్గిందని చూపిస్తుంది. జబ్బు నెమ్మదించిందని సంతోషిస్తాం. నిజానికి ఏ అవకాశమూ మారలేదు, పెద్దవి చచ్చిపోయాయి, అంతే.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. జబ్బు మొదట కనిపించింది 1996లో, టాస్మేనియా ఈశాన్య భాగంలో. టాస్మేనియా తూర్పు తీరంలోని ఫ్రేసినే ద్వీపకల్పంలో జబ్బు రాకముందు నుంచే డెవిల్స్‌కు గుర్తులు వేస్తున్నారు, అక్కడికి అది 2001లో చేరింది. ఆ తర్వాత పెద్దవి దాదాపు కనుమరుగై, మిగిలినవి ఎక్కువగా మూడేళ్ల లోపువే. మామూలుగా రెండేళ్లకు ఈనే ఆడవి, జబ్బు వచ్చిన చోట్ల ఏడాది వయసులోనే ఈనడం మొదలుపెట్టాయి. వయసు లేని మోడల్‌కు ఈ మార్పు కంటికే కనపడదు.

చుక్కలజింక:
లెక్కలబడి గారూ, మీ ఉదాహరణ బాగుంది, కానీ చేతిలో డేటా ఎంత? మూడు వయసు తరగతులు, రెండు జబ్బు స్థితులు, నాలుగు సీజన్లు, ఆడ మగ తేడా. పరామితులు, అంటే మోడల్ అంచనా వేయాల్సిన విలువలు, పదుల్లోకి పోతాయి. ఒక్కో గడిలో రెండు మూడు జంతువులే ఉంటే ఆ అంచనాను ఎవరు నమ్ముతారు?

ఇంకో మాట. జబ్బు నుంచి ఆరోగ్యానికి తిరిగొచ్చే అవకాశాన్ని చాలామంది సున్నాగా పెట్టేస్తారు. అక్కడక్కడ కణితి దానంతటదే తగ్గిన డెవిల్స్ కనపడ్డాయి కదా. నాకైతే వయసు కన్నా ఇదే పెద్ద పొరపాటు.

లెక్కలబడి:
అన్ని గడులూ విడివిడిగా నింపమని నేననలేదు. ఏడాది లోపు, ఏడాది నుంచి రెండు, ఆపైన: ఈ మూడూ చాలు. పట్టుబడే అవకాశాన్ని వయసులన్నిటికీ ఒకటే పెట్టి చూడండి, డేటా ఒప్పుకోకపోతే అప్పుడు విడదీయండి. కోలుకునే దారి తెరిచి ఉంచమన్న మాట మాత్రం ఒప్పుకుంటున్నాను.

కొండగాలి గారికి: వయసు తెలియనిదాన్ని పారేయక్కర్లేదు. పళ్ల అరుగుదల, తల కొలత చూస్తే చిన్నవాటి వయసు బాగానే తేలుతుంది, ముదిరినవాటిది కష్టం. అలాంటిదానికి "రెండో తరగతి కావడానికి ఇంత అవకాశం, మూడోది కావడానికి ఇంత" అని మోడల్‌కే చెప్పొచ్చు. జబ్బుకూ ఇదే పద్ధతి కావాలి. కణితి బయటపడటానికి నెలలు పడుతుంది, కాబట్టి "కణితి లేదు" అని రాసినంత మాత్రాన అది ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. చూసినదాన్నీ అసలు స్థితినీ వేరుగా ఉంచకపోతే, లోపల జబ్బు పెట్టుకుని చనిపోయినవన్నీ ఆరోగ్యమైనవాటి చావుల్లో కలిసిపోతాయి.

కొండగాలి:
0.13, 0.08 లెక్క నేనూ వేసి చూశాను. వయసును తీసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ కణితి వచ్చాక బతికే అవకాశాన్ని వయసు వారీగా విడదీయడానికి ఇప్పటికీ నేను ఒప్పుకోను. జబ్బులోకి మారడానికి మూడు తరగతులు, జబ్బుపడ్డాక అందరికీ ఒకటే. ఈ వారం అలాగే నడిపి, ఏం వచ్చిందో ఇక్కడే పెడతాను.