కోతుల హెచ్చరిక అరుపు రికార్డు చేసి వినిపిస్తే మూడు రోజులకే పట్టించుకోవడం మానేశాయి

మాది జగిత్యాల వైపు, ఎకరంన్నర మక్కజొన్న. కంకులు పాలు పోసుకునే దశలో ఉన్నాయి. రోజూ పొద్దున ఆరున్నరకి, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక ముప్పై దాకా ఎర్రమూతి కోతులు దిగుతున్నాయి. ఒకటి మాత్రం గట్టు మీది వేపచెట్టెక్కి కాపలా కాస్తుంది. నేను కనబడగానే పొట్టిగా రెండుసార్లు అరుస్తుంది. మిగతావి నా వైపు చూడను కూడా చూడవు, నేరుగా చెట్లెక్కేస్తాయి. ఎంత నమ్మకమో!

కొండముచ్చు బొమ్మ నాలుగు రోజులు పనిచేసింది. పటాకులు కాలిస్తే పది నిమిషాల్లో తిరిగొస్తున్నాయి. స్పీకర్‌లో పులి గాండ్రింపు పెడితే ఆరో రోజుకి దాని పక్కనే కూర్చుని కంకులు తిన్నాయి.

కెన్యాలోని అంబోసెలిలో వెర్వెట్ అనే జాతి కోతులు చిరుత కనబడితే ఒకలా, గద్దకి ఒకలా, పాముకి ఒకలా హెచ్చరిక అరుపు అరుస్తాయని 1980లో వచ్చిన పరిశోధన తేల్చింది. అక్కడ ఏ జంతువూ లేకపోయినా, చిరుత వచ్చిందని కోతి అరిచిన రికార్డు వినిపిస్తే చెట్లెక్కాయి, గద్ద హెచ్చరికకి పైకి చూశాయి, పాము హెచ్చరికకి నేలను వెతికాయి. అది చదివి మా కాపలా కోతి అరుపునే ఫోన్‌లో రికార్డు చేసి, రోజూ ఆరున్నరకి ఒకే చోటు నుంచి పెట్టాను. మొదటి రోజు అన్నీ పరుగు. మూడో రోజు ఒక్కటీ కదల్లేదు.

ఈ అరుపును ఎన్ని రోజులకోసారి, ఎలా చోటు మారుస్తూ వినిపిస్తే కోతులు అలవాటు పడకుండా ఉంటాయో చేసి చూసినవాళ్లు చెప్పగలరా?