జోన్ స్థాయి స్కూల్ కబడ్డీ లైవ్: ఇద్దరమే, బస్సు ప్రయాణం. సామాను, నెట్, కామెంటరీ ఎలా?

కూతకొచ్చినోడు

అన్నలకు నమస్తే. మా జోన్‌లో అండర్-14, అండర్-17 బాలబాలికల కబడ్డీ పోటీలు వచ్చే వారం. రెండు రోజులు, ఒకటే కోర్టు. హెడ్మాస్టర్ గారు లైవ్‌కి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. మేం ఇద్దరమే, ఒకరు కెమెరా, ఒకరు మైకు. ఇది కుదిరితే జిల్లా పోటీలకూ వెళ్తాం. అంతా పల్లెవెలుగు ప్రయాణమే కాబట్టి సామాను రెండు సంచుల్లో పట్టాలి.

చేతిలో ఉన్నవి: ఆండ్రాయిడ్ ఫోన్లు రెండు, ఆరడుగుల ట్రైపాడ్, 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, కాలర్‌కి పెట్టుకునే వైర్‌లెస్ మైకు. యూట్యూబ్ ఛానల్‌కు 400 మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. ఇదివరకు లైవ్ ఎప్పుడూ చేయలేదు.

720పీ చాలా, 1080పీ పెట్టాలా? డేటా ఎంత కావాలి? ల్యాప్‌టాప్ అప్పు తెచ్చుకుని ఓబీఎస్ (లైవ్ పంపే సాఫ్ట్‌వేర్) పెట్టడం మేలా? గ్రౌండ్‌లో మైక్‌సెట్ ఉంటుంది, దాని సౌండ్ నేరుగా ఫోన్‌లోకి తీసుకోవచ్చా?

టవర్ కింద

ముందు ఈ రోజే చేయాల్సిన పని. యూట్యూబ్‌లో లైవ్ ఆప్షన్ మొదటిసారి అడిగితే తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఫోన్ నంబర్ వెరిఫై చేసి ఇప్పుడే అడిగి పెట్టు. పోటీల రోజు పొద్దున గుర్తొచ్చిందంటే ఆ రోజు పోయినట్టే. మొబైల్ యాప్ నుంచి లైవ్‌కి 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి, నీకు ఆ ఇబ్బంది లేదు.

720పీ, 30 ఫ్రేములు, వీడియో బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) 3000 కేబీపీఎస్, ఆడియో 128, కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ పంపే వ్యవధి) 2 సెకన్లు. దీన్ని మించి పోకు. చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు, ఆ తెర మీద 1080పీకి తేడా పెద్దగా తెలియదు. ఆగిపోయిన వీడియో మాత్రం అందరికీ తెలుస్తుంది.

డేటా లెక్క: 3000, 128 కలిపితే గంటకు సుమారు 1.4 జీబీ. రోజుకు 7 గంటలు నడిస్తే 10 జీబీ. రోజుకు 2 జీబీ ప్యాక్ వేసుకుని వెళ్తే గంటా ఇరవై ఐదు నిమిషాలకు అయిపోతుంది, ఆ తర్వాత స్పీడు 64 కేబీపీఎస్‌కు పడుతుంది. బొమ్మ సంగతి అటుంచు, ఆ స్పీడులో గొంతు కూడా పోదు. ముందురోజు రాత్రే డేటా యాడ్-ఆన్ వేయించు, రెండు సిమ్‌లకూ. రెండూ వేర్వేరు కంపెనీలవై ఉండాలి.

స్పీడ్ టెస్ట్‌లో చూడాల్సింది అప్‌లోడ్. డౌన్‌లోడ్ 40 చూపించి అప్‌లోడ్ 2 ఇచ్చే గ్రౌండ్లు చాలా ఉన్నాయి. 3 ఎంబీపీఎస్ పంపాలంటే నిలకడగా 5 అయినా రావాలి. అదీ మ్యాచ్ జరిగే వేళకే చూడాలి. పొద్దున 7కి ఖాళీ గ్రౌండ్‌లో వచ్చిన స్పీడు, జనం నిండి అందరూ ఫోన్లు తీశాక ఉండదు. 5జీ గుర్తు వచ్చి పోతూ ఉంటే ఫోన్‌ని 4జీకే కట్టేయి. అటూ ఇటూ మారే ప్రతిసారీ స్ట్రీమ్ తడబడుతుంది, ఫోనూ వేడెక్కుతుంది.

రెండు ఫోన్లకూ పనులు పంచేయి. కెమెరా ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చెయ్. లేకపోతే ఫైనల్ మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు, మైకు ఆ కాల్‌కి వెళ్లిపోతుంది. రెండో ఫోన్ హాట్‌స్పాట్. దాన్ని జేబులో పెట్టుకోకు, స్టేజీ కర్రకో కిటికీ ఊచకో తల ఎత్తులో కట్టు. హాట్‌స్పాట్‌ని 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టు. నీ వైర్‌లెస్ మైకు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ రకమే అయి ఉంటుంది, రెండూ ఒకే దారిలో నడిస్తే గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది. కాకపోతే 5 గిగాహెర్ట్జ్ ఎక్కువ దూరం పోదు, రెండు ఫోన్లూ పది మీటర్ల లోపు ఎదురెదురుగా ఉండాలి.

యాప్: లారిక్స్ బ్రాడ్‌కాస్టర్. అడాప్టివ్ బిట్‌రేట్ ఆన్ చేస్తే నెట్ తగ్గినప్పుడు బొమ్మ నాణ్యత తగ్గించి లైన్ నిలుపుతుంది. ఫోన్‌లో రికార్డింగ్ కూడా ఆన్ చేసి పెట్టు, మధ్యలో తెగిన మ్యాచ్‌ని రాత్రికి మళ్లీ ఎక్కించొచ్చు. యూట్యూబ్ స్టూడియోలో ఆటో-స్టాప్ ఆఫ్ చెయ్. అది ఆన్‌లో ఉండి నెట్ పోతే లైవ్ అక్కడితో ముగిసిపోతుంది, మళ్లీ కొత్త లింకు పంచాల్సి వస్తుంది. లేటెన్సీ (చూసేవాడికి చేరే ఆలస్యం) నార్మల్‌లో ఉంచు. అల్ట్రా లో పెడితే చిన్న కుదుపుకే చూసేవాడి దగ్గర చక్రం తిరుగుతుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటిగా రెండు లైవ్‌లు చెయ్. 12 గంటలు దాటిన లైవ్ ఛానల్‌లో వీడియోగా మిగలదు.

లైన్ ఔట్

మైక్‌సెట్ ప్రశ్నకు నా జవాబు: తీసుకోవచ్చు, కానీ స్పీకర్ తీగల నుంచి ఎప్పుడూ వద్దు. గ్రౌండ్‌లో వాడే పీఏ యాంప్లిఫైర్లలో చాలావాటికి 100 వోల్ట్ లైన్ ఉంటుంది, హార్న్‌లకు వెళ్లేది అదే. దాన్ని ఫోన్‌కి కలిపితే ఫోన్ కాలిపోతుంది, పట్టుకున్నవాడికీ ప్రమాదమే. వెనక 'లైన్ ఔట్' లేదా 'రెక్ ఔట్' అని రాసి ఉన్న సాకెట్ నుంచే తీయాలి. అది కూడా నేరుగా ఫోన్‌లోకి కాదు. ఫోన్ మైక్ సాకెట్ మిల్లీవోల్టుల్లో సిగ్నల్ కోసం చూస్తుంది, లైన్ ఔట్ అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. ఫలితం డబ్బాలో రాళ్లు వేసి ఊపిన చప్పుడు. మధ్యలో సిగ్నల్ తగ్గించే 40 డీబీ అటెన్యుయేటర్ కేబుల్ ఉండాలి, లేదా లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్. జనరేటర్ మీద నడుస్తుంటే 'మ్మ్మ్' అని హమ్ వస్తుంది, దానికి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్.

ఇంత చదివాక నీకే అర్థమై ఉంటుంది, రెండు సంచుల టీముకి ఇది అనవసరం. మైక్‌సెట్ వదిలేయి. ఇంకో పెద్ద కారణం పాటలు. విరామంలో ఆపరేటర్ సినిమా పాటలు వేస్తాడు. అవి నీ స్ట్రీమ్‌లో వినిపిస్తే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. ఒక్కోసారి లైవ్ మీద బొమ్మ తీసేసి ఖాళీ పలక పెడతారు. హార్న్‌కు దూరంగా, దానికి వీపు పెట్టి కూర్చో. పాట మొదలవగానే మైకు మ్యూట్ చెయ్. ఆపరేటర్ అన్నకి టీ ఇప్పించి, మ్యాచ్ నడుస్తున్నప్పుడు పాటలు వద్దని ముందే అడిగి పెట్టుకో.

కాలర్ మైకు నలువైపుల శబ్దమూ పట్టేస్తుంది. పిల్లల ఈలల్లో నీ గొంతు మునిగిపోతుంది. చేత్తో పట్టుకునే డైనమిక్ మైకు నోటికి రెండంగుళాల దూరంలో పెట్టుకుంటే గోల సగం తగ్గుతుంది. దానికి యూఎస్‌బీ సౌండ్ కార్డు కావాలి. 3.5 ఎంఎం సాకెట్లో పెడితే మూడు గీతల ప్లగ్గు ఉండాలి, రెండు గీతల మైకు ప్లగ్గు నేరుగా పెడితే ఫోన్ దాన్ని గుర్తుపట్టక తన సొంత మైకే వాడుకుంటుంది. చూడ్డానికి అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది కాబట్టి చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మైకు మీద గోటితో గీకి, ఆ చప్పుడు ఇంకో ఫోన్‌లో లైవ్‌లో వినిపిస్తోందో లేదో చూడు. గాలికి ఫోమ్ తొడుగు తప్పదు.

ఓబీఎస్ పిచ్చి

ల్యాప్‌టాప్ లేకుండా ఫోన్ యాప్‌తోనే కానిచ్చేయమనేవాళ్లతో నేను ఏకీభవించను. స్కోరు తెర మీద లేని కబడ్డీని ఎవరూ ఐదు నిమిషాలకు మించి చూడరు. ఓబీఎస్‌లో రెండు జట్ల పేర్లు, పాయింట్లు, హాఫ్, కోర్టులో ఎంతమంది ఉన్నారో చూపే అంకె పెట్టుకుని, పాయింట్లకు హాట్‌కీలు కట్టుకుంటే ఒక వేలితో పని. నెట్ ఫోన్ నుంచి కేబుల్‌తో, అంటే యూఎస్‌బీ టెథరింగ్ మీద ఇవ్వు, వైఫై గొడవే ఉండదు.

టవర్ కింద

@ఓబీఎస్ పిచ్చి, ల్యాప్‌టాప్‌కి 40–60 వాట్లు, దానికి కరెంటు, కరెంటుకి 20 మీటర్ల వైరు, స్కూల్లో ఉన్నది 5 ఆంపియర్ సాకెట్టో 15దో తెలియదు. నొక్కడానికి మూడో మనిషి కావాలి. ఇద్దరున్నచోట స్కోరు నొక్కేది ఎవరు? వీళ్ల పవర్ బ్యాంక్ 74 వాట్ అవర్లు, మార్పిడిలో పోగా 60 అనుకో. లైవ్‌లో ఉన్న ఫోన్‌కి 5 వాట్ల చొప్పున వేసుకున్నా రోజు గడుస్తుంది. ల్యాప్‌టాప్ అయితే గంట. జిల్లా స్థాయికి మూడోవాడు దొరికితే అప్పుడు తేనీ.

తమ్ముడూ, ఫాస్ట్ చార్జర్ మాత్రం వాడకు. లైవ్ నడుస్తూ ఫాస్ట్ చార్జ్ అయితే మధ్యాహ్నం ఎండకి ఫోన్ కెమెరా తనే ఆపేసుకుంటుంది. కవర్ తీసేసి, బ్రైట్‌నెస్ తగ్గించి, ట్రైపాడ్‌కి తెల్ల గొడుగు కట్టు. తడిగుడ్డ వేయకు, నీళ్లు చార్జింగ్ పోర్టులోకి దిగుతాయి.

పాత స్కోరర్

అందరూ తీగల గురించే చెప్పారు. కామెంటరీ సంగతి కొంచెం.

కెమెరా మధ్యగీతకు ఎదురుగా, పొడవు వైపున ఉండాలి. పురుషుల కోర్టు 13×10 మీటర్లు, మహిళలది 12×8. స్కూల్ పోటీల్లో ఏ వయసు వాళ్లకు ఏ కొలత గీశారో పీఈటీ సార్‌ని అడగాలి. ఫోన్ మామూలు లెన్స్‌లో రెండు ఎండ్ లైన్లూ పట్టాలంటే సైడ్ లైన్ నుంచి 11–13 మీటర్ల వెనక్కి వెళ్లాలి. అంత చోటు లేకపోతే 0.5 (వైడ్) లెన్స్ పెట్టాల్సిందే, గీతలు వంకరపోయినా, సాయంత్రం మసకగా వచ్చినా. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ ఆఫ్ చేస్తే ఫ్రేము కాస్త విశాలమవుతుంది. ఆరడుగుల ఎత్తు చాలదు. ముందు నిలబడే జనం తలలే కనిపిస్తాయి. ట్రైపాడ్‌ని బల్ల మీదకి ఎక్కించి కాళ్లను తాడుతో కట్టండి. పడమర వైపు చోటు తీసుకుంటే మధ్యాహ్నం ఎండ కెమెరా వీపుకి తగులుతుంది. ఫ్లడ్‌లైట్ల కింద బొమ్మ మినుకుమినుకుమంటే షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్.

మ్యాచ్‌కి 20 నిమిషాల ముందు రెండు జట్ల కోచ్‌ల దగ్గరకు వెళ్లి చెస్ట్ నంబరు, పేరు, స్కూలు రాసుకోండి. పేర్లు ఎలా పలకాలో వాళ్ల నోటే వినండి. ఎంట్రీ ఫారంలో పుట్టిన తేదీ, ఆధార్ ఉంటాయి. దాన్ని ఫొటో తీయొద్దు, మైకులో చదవొద్దు. ఒక్కోసారి రెండు జట్లూ ఒకే రంగు బనియన్లతో దిగుతాయి, అప్పుడు నిక్కరు రంగుతో గుర్తుపెట్టుకోవాలి.

తెర మీద స్కోరు లేదు కాబట్టి మీ నోరే స్కోర్‌బోర్డు. ప్రతి కూత ముగిశాక రెండు జట్ల స్కోరూ చెప్పండి. చెప్పేటప్పుడు ఎప్పుడూ ఒకే వరుస, మొదట చెప్పిన జట్టే మొదట. విసుగనిపిస్తుంది, కానీ అప్పుడే లింకు తెరిచినవాడికి అదొక్కటే ఆధారం. కూత నడుస్తున్న 30 సెకన్లలో పాయింట్ ప్రకటించొద్దు. అంపైర్ చెయ్యి చూసి చెప్పండి. ముందే 'ఔట్' అనేసి తర్వాత వెనక్కి తీసుకుంటే, ఆ పిల్లాడి ఊరోళ్లు రాత్రంతా మీకే ఫోన్లు చేస్తారు.

లెక్క తప్పేది ఎక్కువగా బోనస్ దగ్గర. ఎదుట ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటేనే బోనస్. ఒక కాలు బోనస్ గీత దాటినప్పుడు రెండో కాలు గాల్లో ఉండాలి. బోనస్ పాయింట్‌తో బయట కూర్చున్నవాడు లోపలికి రాడు. పాయింట్లను బట్టి కోర్టులో మనుషులను లెక్కేస్తే ఇక్కడే తప్పు వస్తుంది. లోనా పడితే, అంటే ఒక జట్టు మొత్తం ఔటైతే, ఎదుటి జట్టుకు 2 పాయింట్లు అదనం, ఔటైన ఏడుగురూ మళ్లీ లోపలికి. హాఫ్ తర్వాత జట్లు కోర్టు మారతాయి కానీ మనుషుల సంఖ్య మొదటి హాఫ్ చివర ఎంత ఉందో అంతే. కొత్త కామెంటేటర్ రెండో హాఫ్ మొదటి నిమిషంలో 'ఎడమ వైపు జట్టు' అని పాత జట్టునే పిలుస్తాడు. ఎడమ, కుడి మానేసి స్కూలు పేరే వాడండి.

అమ్మాయిల మ్యాచ్‌ల్లో జూమ్ వద్దు, కింద నుంచి కోణం అసలే వద్దు. దెబ్బ తగిలితే కెమెరా స్కోరర్ బల్ల వైపు తిప్పండి. లైవ్ చాట్ ఆపేయండి, అక్కడ వచ్చే మాటలు ఆ పిల్లలు ఇంటికెళ్లి చదువుతారు.

కూతకొచ్చినోడు

సార్, అన్నలు, అందరికీ దండాలు. ల్యాప్‌టాప్ ఆలోచన మానేశాం, సౌండ్ కార్డు రేపు కొంటాం. ఇంకో రెండు సందేహాలు. అప్‌లోడ్ చేసేటప్పుడు 'పిల్లల కోసమా' అని అడుగుతోంది, అవును అని పెట్టాలా? రోజంతా ఒక్కడినే మాట్లాడితే గొంతు ఆగుతుందా?

లైన్ ఔట్

కాదు అని పెట్టు. ఆ ప్రశ్న ఆడేవాళ్ల గురించి కాదు, వీడియో ఎవరి కోసం చేశావన్నదాని గురించి. చాట్‌ని నువ్వే విడిగా ఆఫ్ చెయ్.

పాత స్కోరర్

గొంతు ఒక్కరిదే అయితే రెండో రోజు మధ్యాహ్నానికి బొంగురుపోతుంది. హాఫ్ హాఫ్‌కీ ఇద్దరూ మారండి, ట్రైపాడ్ మీద ఉన్న కెమెరాకి మనిషి అక్కర్లేదు. ఐదు నిమిషాల విరామంలో మాట్లాడొద్దు, స్కోరు రాసిన అట్ట ముక్క కెమెరా ముందు పెట్టి మైకు మ్యూట్ చేసి గోరువెచ్చటి నీళ్లు తాగండి. కూల్‌డ్రింక్, ఐస్ వద్దు. మధ్యాహ్నం పిల్లలతో పాటే వడ్డిస్తారు, పెరుగన్నం కొంచెం తిని లేవండి. కడుపు నిండా తింటే మొదటి మ్యాచ్‌లో ఆవలింతలే వినిపిస్తాయి.

పోటీలు చెప్పిన టైముకి అయిపోవు. షెడ్యూల్లో 4 గంటలకు ఉన్న ఫైనల్ దీపాలు పెట్టాక మొదలవుతుంది. మీ ఊరికి చివరి బస్సు ఎన్నింటికో కండక్టర్‌ని పొద్దున దిగేటప్పుడే అడగండి. నైట్ హాల్ట్ బస్సు ఉన్న ఊరైతే ఫర్వాలేదు, లేకపోతే స్కూల్లో జట్లు పడుకునే గదిలో చోటు ఇస్తారేమో పీఈటీ సార్‌ని మొదటి మ్యాచ్‌కి ముందే అడిగి పెట్టుకోండి. దుప్పటి, దోమల చుట్ట రెండో సంచిలో వేసుకోండి.