ఈ వారం సమస్య: దండ మిడిన వాఁడె దండ్యుఁ డగును

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది. నాలుగో పాదం నాది, పైన మూడు పాదాలూ మీవి.

దండ మిడిన వాఁడె దండ్యుఁ డగును

నమస్కారం పెట్టినవాడికే శిక్ష పడుతుందట! ఈ అన్యాయాన్ని న్యాయం చేసి చూపించాలి. దండం అంటే మొక్కు ఒక్కటే కాదు. కర్ర, శిక్ష, సైన్యం కూడా దండమే. నాలుగు మూరల కొలతకూ, ఘడియ కాలానికీ అదే పేరుంది. ‘వాఁడె’ చివర ఉన్న ఏకారాన్ని మాత్రం మరిచిపోకండి. ‘ఇంకెవడో కాదు, వాడే’ అని అక్కడ గట్టిగా వినబడాలి. మార్కులన్నీ దానికే.

కొత్తబియ్యం: అందరికీ దండాలు. గుంపులో ఇదే నా మొదటి పద్యం.

పనియుఁ జేయకుండఁ బ్రతి దినమ్మును వచ్చి
బాసు కాళ్ల కెపుడు మొక్కుచుండుఁ
గొత్త బాసు వచ్చి కోపించి పంపెను
దండ మిడిన వాఁడె దండ్యుఁ డగును

చాదస్తం: స్వాగతం బాబూ. ఊహ బాగుంది. రెండో పాదంలో ‘బా’కి ‘మొ’తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ మధ్య అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, చెల్లదు. ‘ఎపుడు’ అన్న మాట కూడా గణం నింపడానికి వచ్చినదే. ‘బాసు కాళ్ల యొద్దఁ బ్రాకుచుండు’ అని చూడండి. యతి కుదురుతుంది, మనిషి కూడా కళ్లకు కడతాడు.

కొత్తబియ్యం: మొక్కడం పోతే దండం ఎక్కడుంటుంది మాష్టారూ?

చాదస్తం: నాలుగో పాదంలో ఉందిగా! ముందే చెప్పేస్తే సమస్యకు పనేం మిగులుతుంది?

గోదారిగట్టు:

ఓట్ల వేళ వచ్చి యూరూర తిరుగుచుఁ
జేతులెత్తి మొక్కి సీటు గెలిచి
గద్దె యెక్కి మాట గాలికి వదలిన
దండ మిడిన వాఁడె దండ్యుఁ డగును

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది. ‘సీటు’ నాకు అభ్యంతరం కాదు, ఊళ్లో ఎవరైనా అలాగే అంటారు. కానీ ఇందులో ఏకారానికి పని తక్కువ. దండం పెట్టకుండా గెలిచి మాట తప్పినవాడు దండ్యుడు కాడా?

ఓరుగల్లు మిత్రుడు: ఒక అనుమానం. సంస్కృతంలో దండమంటే కర్ర కదా. దానికి నమస్కారం అనే అర్థం ఎట్ల వచ్చింది? మా దిక్కు పెద్దలను చూస్తే ‘దండాలు’ అనో ‘శనార్తి’ అనో అంటం.

నిర్వాహకుడు: దండప్రణామం నుంచి వచ్చింది. నిలబెట్టిన కర్రను వదిలేస్తే నిలువునా నేలకు ఒరుగుతుంది. అలా సాగిలపడి మొక్కడం దండప్రణామం. హిందీవాళ్లు ‘దండవత్’ అంటారు, కర్రలాగా అని. మనవాళ్లు ప్రణామాన్ని వదిలేసి దండాన్ని మిగుల్చుకున్నారు. తర్వాత పడుకోవడమూ పోయింది. నిలబడి చేతులు జోడించినా దండమే, ఒక చెయ్యి నుదుటి దాకా లేచినా దండమే. ‘నీకో దండంరా బాబూ’ అన్నప్పుడైతే చెయ్యి లేవకపోయినా ఫరవాలేదు. శ్రీవైష్ణవులు మాత్రం పెద్దలకు ‘దండం సమర్పిస్తున్నాను’ అంటారు. అక్కడ పాత బరువు ఇంకా ఉంది.

ఇక శనార్తి అంటే శరణార్థి. శరణు కోరి వచ్చానని చెప్పుకోవడమే పలకరింపు అయింది.

పెన్నొడ్డు: కర్ర అర్థంతో నాది.

నడువలేని తాత నవ్వుచు నడుగఁగఁ
జేతి కఱ్ఱ నిచ్చెఁ జిన్నవాఁడు
కొంటె పనుల కదియె కోలాట మాడెను
దండ మిడిన వాఁడె దండ్యుఁ డగును

గోదారిగట్టు: ‘కోలాట మాడెను’! వీపు మీదనేనా అండీ?

చాదస్తం: ఎక్కడో చెప్పకపోవడమే అందం. కర్ర తెచ్చిచ్చింది మనవడే, తిన్నదీ మనవడే. ఏకారం చక్కగా అతికింది. ‘దండం దశగుణం భవేత్’ అని ఊరికే అన్నారా?

కొత్తబియ్యం: అంటే కొడితే పది గుణాలు వస్తాయనేనా?

చాదస్తం: బడిలో పంతుళ్లు అలా చెప్పుకున్నారు గానీ శ్లోకంలో కొట్టడం ఒక మూల మాత్రమే. ‘విశ్వామిత్రాహిపశుషు కర్దమేషు జలేషు చ, అంధే తమసి వార్ధక్యే’ అని ముందు భాగం. విశ్వామిత్రుడి పేరులా వినిపిస్తుంది కానీ ఆయనకు సంబంధం లేదు. వి అంటే పక్షి, శ్వా అంటే కుక్క, అమిత్రుడు శత్రువు, అహి పాము, ఆపైన పశువు. వీటిని అదిలించడానికి కర్ర కావాలి. బురదలో, నీళ్లలో, చూపు లేనప్పుడు, చీకట్లో, ముసలితనంలో ఊతకు కావాలి. మొత్తం పది. పెన్నొడ్డు గారి తాత పదో గుణం కోసం కర్ర అడిగి పదకొండోది కనిపెట్టాడు.

మల్లెపందిరి: దూర్వాసుడు ఇచ్చిన పూలదండ కథ. నాలుగో పాదంలో దండ అంటే హారం.

ముని యొసఁగిన పూల ముచ్చటౌ సరమట
యేన్గు తలను బెట్టె నింద్రుఁ డపుడు
సిరులు పోయెఁ గాదె శీఘ్రమే శాపాన
దండ మిడిన వాఁడె దండ్యుఁ డగును

నిర్వాహకుడు: కథ బంగారం లాంటిది, వ్యాకరణం ఒప్పుకోదమ్మా. హారం ‘దండ’, ‘దండము’ కాదు. దాన్ని ఇస్తే ‘దండ నిడిన’ అవుతుంది, మకారం రాదు. దూర్వాసుణ్ణి వదలకుండానే దారి ఉంది. ఇంద్రుణ్ణి శిక్షించిన ఆ మునే అంబరీషుడి దగ్గర సుదర్శన చక్రానికి దొరికిపోయాడు కదా.

పూల సరము కొఱకుఁ బురుహూతు శపియించెఁ
గోపి యైన మౌని, కొన్ని నాళ్లఁ
జక్రి చక్ర మతని జంకించి తఱిమెను
దండ మిడిన వాఁడె దండ్యుఁ డగును

పురుహూతుడు అంటే ఇంద్రుడే. ఇప్పుడు దండం శిక్ష, వేసినవాడు ముని.

చాదస్తం: ‘కొన్ని నాళ్ల’ ఏమిటండీ? ఇంద్రుడి సిరి పోయాకే సముద్రమథనం, భాగవతం లెక్కన అది చాక్షుష మన్వంతరం. అంబరీషుడు ఆ తర్వాత వచ్చిన వైవస్వత మనువు వంశం వాడు. మధ్యలో మన్వంతరమే మారిపోయింది!

నిర్వాహకుడు: దేవతల నాళ్లు మాష్టారూ!

మల్లెపందిరి: నా పూలదండ కాస్తా మీ చక్రం కింద పడి నలిగింది. అయినా ‘జంకించి తఱిమెను’ బాగుంది, ఒప్పుకుంటున్నాను.

తాటాకు: పాదం విరుపుతో ఒకటి.

భార్గవుండు వచ్చి పంతమ్ముతో రాముఁ
బిల్చి, యెక్కుపెట్టి పెంపుఁ జూపు
మనఁగఁ, దపము లెల్ల మాయమ్ము, గనుఁడు, కో
దండ మిడిన వాఁడె దండ్యుఁ డగును

చాదస్తం: మూడో పాదం చివర ‘కో’ పెట్టి కోదండం చేశారు! పరశురాముడు వైష్ణవ ధనుస్సును రాముడి చేతికిచ్చాడు, రాముడు సంధించిన బాణానికి పరశురాముడు తపస్సుతో గెలుచుకున్న లోకాలే లక్ష్యమయ్యాయి. ఇచ్చినవాడికే దెబ్బ, సరిపోయింది. కోదండం రాముడి విల్లు పేరు కదా అని ఎవరైనా అడుగుతారేమో. ఏ విల్లునైనా కోదండం అనవచ్చు.

ఓరుగల్లు మిత్రుడు:

ప్రార్థనలకు నడచు బాపుజీ కెదురుగ
వంగి మొక్కి గుండె వ్రచ్చె నొకఁడు
కోర్టు తీర్పు చెప్పెఁ గొయ్యెక్కు మని; చూడ
దండ మిడిన వాఁడె దండ్యుఁ డగును

నిర్వాహకుడు: ఇంతవరకు వచ్చిన పూరణల్లో దండాన్ని మొక్కు అర్థంలోనే ఉంచి, సమస్యను పూర్తిగా నిలబెట్టింది ఇదే. 1948 జనవరి 30 సాయంత్రం, ఢిల్లీ బిర్లా హౌస్. చేతులు జోడించి వంగినవాడే పిస్తోలు పేల్చాడు. 1949 నవంబర్ 15న అంబాలా జైలులో ఉరి. మొక్కిన చేతులూ చంపిన చేతులూ ఒకటే కాబట్టి ‘వాఁడె’ అనగానే ఒళ్లు జలదరిస్తుంది. ఒక్క సవరణ. గణం కోసం బాపూజీని ‘బాపుజీ’ చేశారు. ‘బాపు కెదురుగాను’ అంటే ఆ ఇబ్బంది ఉండదు.

గోదారిగట్టు: ‘చూడ’ కూడా వట్టి పూరకమే కదండీ?

నిర్వాహకుడు: అవును. కానీ అక్కడ కాస్త ఆగి చదివితే నాలుగో పాదం బలం పెరుగుతోంది. నేనైతే ఉంచేస్తాను.

పల్లెపంతులు: ఆలస్యంగా వచ్చాను, మాండవ్యుణ్ణి ఎవరూ ముట్టుకోలేదు కదా?

పసితనానఁ జేయు పాపమ్మునకు మౌనిఁ
గొఱ్ఱు మీఁద నెత్తి క్రూర యముఁడు
విదురుఁ డగుచుఁ బుట్టె, వినుఁడు మాండవ్యోక్తి
దండ మిడిన వాఁడె దండ్యుఁ డగును

చిన్నప్పుడు పురుగులను పుల్లతో గుచ్చినందుకు మునికి కొఱ్ఱు, అంటే శూలం, ఎక్కే శిక్ష. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ఆయన యముణ్ణే శపించాడు. యముడు భూమ్మీద విదురుడై పుట్టాడు.

చాదస్తం: లోకానికి దండధరుడు యముడే, ఆయనకే దండన! సమస్య పాదాన్ని మాండవ్యుడి నోట పలికించడం ఇంకో ఎత్తు. కాని ధర్మరాజును ‘క్రూర యముఁడు’ అనడం నాకు నచ్చలేదు. ఆయన చేసింది క్రూరత్వం కాదు, కొలత తప్పడం. క్రూరుడైతే విదురుడై పుట్టడమే పొసగదు. ‘కుంది యముఁడు’ అంటే యతి చెడదు, పుట్టుకకు ముందు పశ్చాత్తాపమూ వస్తుంది.

పల్లెపంతులు: శాపం తగిలాకే కుందాడు మాష్టారూ, శిక్ష వేసేటప్పుడు కాదు. నా ‘క్రూర’ అక్కడే ఉంటుంది.

చాదస్తం: ‘ఎత్తి, కుంది, పుట్టె’ అని వరస సరిగానే ఉంది. మళ్లీ చదవండి.

నిర్వాహకుడు: రెండు పాఠాలూ ఉంచుదాం. సైన్యం, మూర, ఘడియ అర్థాల జోలికి ఎవరూ పోలేదు, ఓపిక ఉన్నవాళ్లు ఆదివారం దాకా పంపవచ్చు. వచ్చే వారానికి తేటగీతి:

వందనము సేయ రాముండు వైరి యయ్యె

రాముడు ఏ రాముడో మీ ఇష్టం. యతికి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి వాడవచ్చు.