బ్రిసేయిస్ చేత కథ చెప్పిస్తే ఇలియడ్‌కి న్యాయం జరిగినట్టేనా?

కొండపల్లి_కొయ్య:
ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన పాత గ్రీకు కావ్యం ఇలియడ్ ఉంది కదా, ఆ యుద్ధాన్ని తిరగరాసిన నవలలు ఈ మధ్య వరసపెట్టి చదువుతున్నాను. బాగా పేరున్నవి రెండు పూర్తయ్యేసరికి చిరాకు ముదిరిపోయింది, ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే ఆగేలా లేదు కాబట్టి ఇక్కడ కక్కేస్తున్నా.

పాట్ బార్కర్ 2018లో రాసిన 'ది సైలెన్స్ ఆఫ్ ది గర్ల్స్'లో చాలా భాగం బ్రిసేయిస్ చెప్తుంది. చదవనివాళ్ళ కోసం: గ్రీకు వీరుడు అకిలీస్ లిర్నెసస్ అనే ఊరిని దోచి, బ్రిసేయిస్ మొగుణ్ణి చంపి, ఆమెను తన వాటాగా తెచ్చుకుంటాడు. తర్వాత గ్రీకు సేనల నాయకుడు అగమెమ్నాన్ తన దగ్గర బందీగా ఉన్న క్రిసేయిస్‌ని తండ్రికి తిరిగి ఇచ్చెయ్యాల్సొచ్చి, ఆ ఉక్రోషంతో బ్రిసేయిస్‌ని లాక్కుంటాడు. అకిలీస్ అలిగి గుడారంలో కూర్చుంటాడు, ఇలియడ్ అంతా ఆ అలక చుట్టూనే.

ఆమె వైపు నుంచి చెప్పడం మీద నాకు పేచీ లేదు. కానీ నవలలో ఆమె ఆలోచనలు అచ్చంగా ఇప్పటి ఇంగ్లండ్ అమ్మాయివి, సైనికుల బూతు పాటలు కూడా అక్కడి పబ్బులోంచి పట్టుకొచ్చినట్టుంటాయి. పైగా ఇవి చదివినవాళ్ళు ఇలియడ్ ముట్టుకోకుండానే 'హోమర్ ఆడవాళ్ళ నోరు నొక్కేశాడు' అని తీర్పు చెప్పేస్తున్నారు. నొక్కలేదండీ. 19వ సర్గలో అకిలీస్ ప్రాణస్నేహితుడు పాట్రోక్లస్ శవం మీద పడి బ్రిసేయిస్ ఏడుస్తుంది. నా కళ్ళ ముందే నా మొగుడు పోయాడు, ముగ్గురు అన్నదమ్ములు పోయారు, అప్పుడు నువ్వొక్కడివే నన్ను ఏడవనివ్వకుండా ఓదార్చావు అంటుంది. చుట్టూ ఉన్న బందీ ఆడవాళ్ళూ ఏడుస్తారు, పైకి పాట్రోక్లస్ పేరు చెప్పి, లోపల ఎవరి కష్టానికి వాళ్ళు. ఆ ఒక్క మాట ముందు నవల మొత్తం నాకు వెలవెలబోయింది.

సగం_చదివా:
నేనైతే సినిమా చూసి ఇలియడ్ మొదలుపెట్టిన బ్యాచ్. ట్రాయ్‌ని పట్టించే చెక్క గుర్రం ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఎదురుచూశా. ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో పుస్తకం అయిపోయింది. అకిలీస్ ప్రాణం తీసే ఆ మడమ గొడవ కూడా లేదు. డబ్బులు వాపస్ ఇమ్మనాలి.

రాత్రి_షిఫ్ట్:
కొండపల్లి గారూ, ఏడ్చిందని చెప్పారు, ఎంతసేపు ఏడ్చిందో చెప్పలేదు. 14 పాదాలు. దాదాపు 15,700 పాదాల కావ్యంలో, ఎవరి కోసం కొట్టుకుంటున్నారో ఆ మనిషి మాట్లాడింది అంతే. నోరు నొక్కలేదు సరే, ఎంతసేపు తెరవనిచ్చాడో కూడా చూడాలి కదా.

ఇంకోటి, 23వ సర్గలో పాట్రోక్లస్ అంత్యక్రియలప్పుడు పెట్టిన కుస్తీ పోటీ గుర్తుందా? గెలిచినవాడికి 12 ఎద్దుల ఖరీదు చేసే మూడు కాళ్ళ గుండిగ, ఓడినవాడికి పనులన్నీ వచ్చిన ఒక ఆడమనిషి, ఆమె ఖరీదు 4 ఎద్దులు. హోమర్ దీన్ని సంత ధర చెప్పినట్టు చెప్పి ముందుకెళ్ళిపోతాడు. ఆ మనిషికి పేరు కూడా లేదు. ఆమె పేరేంటి, ఆ రోజు అక్కడ నిలబడి ఏం చూసింది అని ఇవాళ ఒక రచయిత్రికి అనిపించడంలో తప్పేముంది?

కొండపల్లి_కొయ్య:
అనిపించడం తప్పని నేనెక్కడన్నాను. పాదాలు లెక్కపెట్టి కవిత్వాన్ని తూకం వేస్తే హెలెన్ మాటలూ తక్కువే, హెక్టర్ భార్య ఆండ్రోమకి మాటలూ తక్కువే, అయినా ఆరో సర్గలో ఆండ్రోమకి హెక్టర్‌తో నాకు తండ్రివీ తల్లివీ అన్నవీ నువ్వే అన్నప్పుడు గొంతు పట్టేస్తుంది. తూకం వేరు, బరువు వేరు.

రిటైర్డ్_పంతులు:
మీ ఇద్దరి మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. యుద్ధాన్ని ఓడిపోయిన ఆడవాళ్ళ వైపు నుంచి చెప్పడం ఈ కాలపు ఫ్యాషన్ అన్నట్టు మాట్లాడుతున్నారు. ఆ పని క్రీ.పూ. 415లోనే ఏథెన్స్‌లో జరిగింది, యురిపిడీస్ 'ట్రోజన్ స్త్రీలు' నాటకంలో. ఊరు తగలబడి, మగాళ్ళంతా పోయాక, ట్రాయ్ రాణి హెక్యుబా, ఆమె కూతురు కసాండ్రా, కోడలు ఆండ్రోమకి ఎవరు ఎవడి వాటాకు పోతారో తేలేవరకు కాచుకుని ఉంటారు. ఆండ్రోమకి చేతుల్లోంచి పసివాణ్ణి లాక్కెళ్ళి గోడ మీంచి తోసేస్తారు. ఇది ఆడటానికి కొద్ది నెలల ముందే ఏథెన్స్ సేన మెలోస్ దీవిలో దొరికిన మగాళ్ళను చంపి, ఆడవాళ్ళనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేసింది. నాటకం చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఆ పనికి ఒప్పుకున్న పౌరులూ ఉండే ఉంటారు. యురిపిడీస్ ఆడవాళ్ళు కంచు యుగం మాటలు మాట్లాడలేదు, అప్పటి ఏథెన్స్ వాదోపవాదాలే మాట్లాడారు. అదే నేరమైతే ఆయన్ని కూడా బోనెక్కించాలి.

మన స్త్రీపర్వం తీసుకోండి. గాంధారి శవాల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరినీ చూపించి కృష్ణుణ్ణి నిలదీసి శపిస్తుంది. తిక్కన దాన్ని తెలుగు చేస్తే ఎవరైనా కుదరదన్నారా?

రాత్రి_షిఫ్ట్:
మాస్టారూ, దండం. మెలోస్ సంగతి నాకు తెలీదు.

నీలి_గొడుగు:
అందరూ బార్కర్ మీదే పడ్డారు, నాకు అసలు కోపం మాడలిన్ మిల్లర్ 'ది సాంగ్ ఆఫ్ అకిలీస్' మీద. 2011లో వచ్చింది, మరుసటి ఏడాది ఆరెంజ్ ప్రైజ్ కూడా వచ్చింది. ఏడ్చాను, అబద్ధం ఎందుకు, రాత్రి రెండింటికి దిండు తడిసింది. కానీ తర్వాత ఇలియడ్ తొమ్మిదో సర్గ చదివాక మోసపోయినట్టనిపించింది.

నవలలో అకిలీస్, పాట్రోక్లస్ బందీ ఆడవాళ్ళను కాపాడటానికే తమ వాటాగా అడిగి తెచ్చుకుంటారు, చెయ్యి కూడా వెయ్యరు, చెల్లెళ్ళలా చూసుకుంటారు. ఇలియడ్‌లో? అగమెమ్నాన్ పంపిన రాయబారులతో 'బ్రిసేయిస్ నా ఈటెతో గెలుచుకున్నదే అయినా ఆమెను మనసారా ప్రేమించాను' అంటాడు అకిలీస్. అదే రాత్రి, లెస్బోస్ దీవి నుంచి పట్టుకొచ్చిన డయోమిడి అనే ఇంకో అమ్మాయి పక్కన పడుకుంటాడు. పాట్రోక్లస్ పక్కన ఇఫిస్ ఉంటుంది, స్కైరోస్ దీవిని పట్టుకున్నప్పుడు అకిలీసే అతనికి ఇచ్చిన అమ్మాయి. 19వ సర్గకొచ్చేసరికి అగమెమ్నాన్‌తో, బ్రిసేయిస్‌ని గెలిచిన రోజే ఆర్టెమిస్ దేవత బాణంతో చంపేసి ఉంటే బాగుండేది, మన మధ్య ఈ గొడవ ఉండేది కాదు అంటాడు ఆ ప్రేమించిన పెద్దమనిషి.

హోమర్ ఇవేవీ దాచలేదు. నవల దాచింది, హీరోలు మనకి నచ్చాలి కదా! బార్కర్ అకిలీస్‌ని ఉన్నదానికంటే కసాయిగా చూపించిందనుకోండి, కనీసం గుడారంలో జరిగేది జరిగినట్టు రాసింది. పబ్బు పాటలు నేను భరిస్తాను.

సగం_చదివా:
అయితే నవలలో అకిలీస్, పాట్రోక్లస్ ప్రేమికులు కదా, ఆ ప్రేమ కూడా మిల్లర్ కల్పనేనా? నా ఫ్రెండ్ ఒకడు దీని మీద పెద్ద గొడవ చేశాడు.

రిటైర్డ్_పంతులు:
ఆవిడ కల్పన కాదు బాబూ. హోమర్ తేల్చి చెప్పలేదు గానీ పాత గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ ఒక నాటకంలో వాళ్ళను ప్రేమికులుగానే చూపించాడు. ఆ నాటకం పోయింది, తునకలే మిగిలాయి. తత్త్వవేత్త ప్లేటో 'సింపోజియం'లో అయితే ఇద్దరిలో ఎవరు ప్రేమించినవాడు, ఎవరు ప్రేమ పొందినవాడు అన్న దాని మీద వాదనే ఉంది. నీ ఫ్రెండ్ ఆలస్యంగా వచ్చాడని చెప్పు.

కొండపల్లి_కొయ్య:
నీలి గొడుగు గారి మాటతో నా వాదన సగం ఎగిరిపోయింది, ఒప్పుకుంటున్నా. నా చిరాకంతా భాష మీద పెట్టాను, అసలు చూడాల్సింది ఏది కడిగేశారు, ఏది ఉంచారు అన్నది. ఆ లెక్కన బార్కర్‌కి క్షమాపణ బాకీ. ఒక్కటి మాత్రం వదలను, దేవుళ్ళ సంగతి. ఇలియడ్‌లో ఎథీనా దేవత వెనక నుంచి వచ్చి అకిలీస్ జుట్టు పట్టుకుని ఆపుతుంది, అది ఊహ కాదు, వాళ్ళకి నిజం. నేను చదివిన నవలల్లో దేవుళ్ళు మొహమాటంగా తలుపు దగ్గరే నిలబడ్డారు, అందుకే ఆ మనుషులు మనలాగే ఉన్నారు.

నీలి_గొడుగు:
మిల్లర్‌లో అకిలీస్ తల్లి థెటిస్ దేవత తలుపు దగ్గర నిలబడే రకం కాదండీ, అత్తగారి కంటే ఘోరం. కానీ మిగతా దేవుళ్ళ విషయంలో మీరన్నది నిజమే.

సగం_చదివా:
సరే, మళ్ళీ మొదలుపెడతా. ఏ అనువాదం?

రాత్రి_షిఫ్ట్:
ఎమిలీ విల్సన్ది, 2023లో వచ్చింది, పైకి చదువుకుంటే లయ తెలుస్తుంది. రెండో సర్గలో ఓడల జాబితా వస్తుంది, అది దాటెయ్.

కొండపల్లి_కొయ్య:
దాటెయ్యకండి! 1,186 ఓడలు, ప్రతి ఊరికీ పేరుంది.

నీలి_గొడుగు:
ఊళ్ళకుంది. ఆ కుస్తీలో ఓడినవాడికని పందెం పెట్టిన ఆవిడకి లేదు.